సగం సగం ఊరు

పెద్దమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు ఆవిడ రేకుపెట్టె ఎవరికి అన్న మాట వచ్చింది. ఎవరూ అడగలేదు కాబట్టి నాకు దక్కింది. దేవుడు నాకు చాలా వస్తువులు ఇలాగే ఇచ్చాడు, పక్కవాళ్లు వద్దన్నవి. అందుకు ఆయనకు నేను ఏనాడూ తక్కువ దండాలు పెట్టలేదు. ఇంటికి తెచ్చి మూత తీస్తే కలరా ఉండల వాసన, దాని వెనక ఎండుమిరప ఘాటు. నాలుగు నేత చీరలు, విభూతి సంచి, అంచు విరిగిన పలక. వాటి కింద, పెట్టె అడుగున తుప్పు అంటకుండా పరిచిన పాత పేపరు. ఎన్నికల ఫలితాలు, జిల్లాలవారీగా. మా నియోజకవర్గం దగ్గర ఓడినవాళ్ల పేర్లలో అట్టడుగున ఉన్న పేరు పక్కన ఎర్రటి చుక్క ఉంది. నీళ్లలో కలిపి ఉంగరం వేలితో పెట్టిన కుంకుమ బొట్టు. ఎన్నికల పేజీకి బొట్టు పెట్టిన మనిషి ఈ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మా పెద్దమ్మ తప్ప ఇంకొకరు ఉంటారని నేను అనుకోను. ఆ పేజీకి పూజ చేయదగ్గ లక్షణం మరేదీ లేదు.

మా ఊరు రెండు జిల్లాల సరిహద్దులో ఉండేది. వినుకొండ పోవాలన్నా పొదిలి పోవాలన్నా మాకు ఒకటే అవస్థ. ఊరికి, రోడ్డుకి మధ్య వాగు. ప్రాథమిక బడి వాగుకు ఇవతల, హైస్కూలు అవతల. ఎండాకాలం అది ఇసక, వానాకాలం మాత్రం ఎక్కడో కొండల మీద వాన పడితే మాకు ఎండ కాస్తుండగానే నీళ్లు వచ్చి పడేవి. మగపిల్లలు చొక్కాలు నెత్తిన కట్టుకొని దాటేవాళ్లు. ఆడపిల్లలు ఐదో తరగతి కాగానే ఇంటికి వచ్చేవాళ్లు. నేనూ వచ్చాను. వచ్చిన రోజు ఏడ్చి అన్నం తినకపోతే నాన్న నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, "వాగు మీద చప్టా పడనీ, పడిన రోజే నిన్ను హైస్కూల్లో వేస్తా" అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని నా నమ్మకం. నాకు మాత్రం అప్పటినుంచి ఎన్నికలంటే చప్టా, చప్టా అంటే బడి. ఊళ్లో ఎన్నిక ఫలితం కోసం నాకన్నా ఆత్రంగా ఎదురుచూసిన మనిషి లేదు, నాకు ఓటు లేకపోయినా.

పెద్దమ్మ మా పెదనాన్న భార్య. వినుకొండ పిల్ల, పదో తరగతి దాకా చదివింది. పిల్లలు లేరు. మా ఇంట్లో పేపరు చదివే ఆడమనిషి ఆవిడ ఒక్కతే, అదీ మగవాళ్లందరి చేతులు తిరిగాక, మధ్యాహ్నం. నేను ఇంట్లో పడ్డ వారం రోజులకు ఆవిడ మార్కాపురం పలక ఒకటి తెప్పించి నా ముందు పెట్టింది. మా చదువు అంతా కల్లంలో, మిరపకాయలకు తొడిమలు తీస్తూ. చేతులు మండుతుంటే కళ్లు తుడుచుకోకూడదు, అది మొదటి పాఠం. భూగోళం పుస్తకం లేదు కనక నియోజకవర్గాల పట్టికే మా భూగోళం. మాచర్ల, గురజాల, సత్తెనపల్లి అని ఆవిడ మొదలుపెడితే నేను దుగ్గిరాల, కూచినపూడి మీదుగా బాపట్ల దాకా పోయి ఊపిరి తీసుకునేదాన్ని. గుంటూరు జిల్లా అయ్యేసరికి ఒక బుట్ట తొడిమలు అవ్వాలి, ప్రకాశం అయ్యేసరికి ఇంకో బుట్ట. తీసివేత లెక్కలు మెజారిటీల మీద చేయించేది. గెలిచినవాడి ఓట్లలోంచి ఓడినవాడి ఓట్లు తీసేయ్, ఎంత మిగిలింది? మిగిలింది చెప్పాక ప్రతిసారీ అనేది, "అంతమంది మాటకి అంత తేడా. సరే, పక్క ఊరు చెయ్."

మొదటి ఎన్నిక నాకు వానతోనే గుర్తు. అప్పుడు వాగు నిండుగా ఉంది. పదవిలో ఉన్న ఆయన ఓట్ల కోసం అవతలి గట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. పోటీలో ఉన్న ఇద్దరు నాయకుల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే వాళ్లు గుర్తుండదగ్గ మనుషులని మీరు పొరబడతారు. పదవిలో ఉన్నాయన్ని మా ఊళ్లో పాతాయన అనేవాళ్లు, ఆయన మీద పోటీ చేసినాయన్ని కొత్తాయన అనేవాళ్లు, అదే చాలు. పాతాయన పంచె తడవకూడదని మా ఊరి మగవాళ్లు నులకమంచం తీసుకుపోయి, ఆయన్ని దాని మీద కూర్చోబెట్టి, నలుగురు భుజాల మీద పెట్టుకొని వాగు దాటించారు. మంచం కాళ్లలో ఒకటి మా పెదనాన్న భుజం మీద ఉంది. దిగీ దిగగానే పాతాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నా కాలు తడవకుండా మోశారు. మీ పిల్లల కాలు తడవనివ్వను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ గడపలో నిలబడి, "మంచం మీద ఎక్కించుకొచ్చారు, ఇంక నేలేం కనపడుద్ది" అని లోపలికి వెళ్లిపోయింది. నేనైతే ఆ చెయ్యి పెట్టిన చోటు రెండు రోజులు నూనె రాసుకోకుండా కాపాడుకున్నాను. అంత పిచ్చి నమ్మకం నాకు.

ఇక్కడ మా ఊరి పెద్దల తెలివి గురించి చెప్పాలి. దానికి రూపకర్త మా పెదనాన్న, తర్వాత చచ్చేదాకా ఆ ఘనత ఆయనదే. ఆ రోజుల్లో ఓట్లు కాగితాల మీద. లెక్కపెట్టే ముందు అన్ని ఊళ్ల కాగితాలూ కలగలిపేవాళ్లు, ఏ ఊరు ఎవరికి వేసిందో బ్రహ్మకైనా తెలియకుండా. ఇది విని పెదనాన్న రామాలయం అరుగు మీద కూర్చొని ఉపాయం చెప్పాడు. ప్రతి ఇంట్లో ఓట్లు చెరిసగం. అన్న ఇటు, తమ్ముడు అటు. ఎవరి భార్య వాళ్లతో. ఎవరు గెలిస్తే వాళ్ల దగ్గరికి పోయి ఊరంతా మీకే వేసిందని చెప్పడం. "గెలిచినోడు ఎప్పుడూ మనోడే. ఓడిపోయే పనే లేదు మనకి" అన్నాడు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అన్నవాళ్లను ఊళ్లో అందరూ వెక్కిరిస్తారు గానీ, ఆ రోజు ఒక్కరికీ ఆ సామెత గుర్తు రాలేదు. మా ఇంట్లో పెదనాన్న, పెద్దమ్మ పాతాయనకు. నాన్న, అమ్మ కొత్తాయనకు. భక్తి, వైరాగ్యం, నచ్చడం, నచ్చకపోవడం ఇందులో ఏమీ లేవు. మిరపకాయల్ని ఎరుపు, తాలు అని విడదీసినట్టు విడదీశారు, అంతే.

పాతాయనే మళ్లీ గెలిచాడు. పెద్దలు దండ పట్టుకొని పోయి ఊరంతా మీదేనన్నారు. ఆయన నమ్మాడు, లేదా నమ్మినట్టు ఉండటం ఆయనకూ సుఖం. రెండు నెలలకు వచ్చి వాగు గట్టున చప్టాకి శంకుస్థాపన చేశాడు. నల్లరాయి పలక మీద ఆయన పేరు తాటికాయంత అక్షరాలతో, చప్టా అన్న మాట చీమ తలకాయంత. ఆ తర్వాత తట్టెడు కంకర కూడా రాలేదు. ఏడాది చూశాం, రెండేళ్లు చూశాం. మూడో ఏడు వర్షాలకు రాయి ఒరిగి పడిపోయింది. అది బట్టలు ఉతకడానికి సరిగ్గా సరిపోయే ఎత్తులో పడటం దైవకృప. మా వీధి ఆడవాళ్లందరం దాని మీదే ఉతికేవాళ్లం. పెద్దమ్మ నన్ను అక్కడికీ వదల్లేదు, రాయి మీద అక్షరాలు చదివించి ఒత్తులు దిద్దించేది. దుప్పట్లు బాదీ బాదీ ముందు ఆయన ఇంటిపేరు అరిగింది, తర్వాత అసలు పేరు. ఆ ఎన్నిక వల్ల మా ఊరికి నిజంగా అందిన సదుపాయం ఆ చాకిరేవు బండ ఒక్కటే. అందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

రెండో ఎన్నిక ఎండాకాలంలో వచ్చింది. అప్పటికి నాకు పదహారు. నా ఈడు మగపిల్లలు హైస్కూలు దాటిపోయారు. నేను తొడిమలు తీస్తూ పదో తరగతి పుస్తకాల దాకా వచ్చాను గానీ బడి గడప తొక్కలేదు. నాన్న ఇంకా "చప్టా పడనీ" అంటూనే ఉన్నాడు, అలవాటైన నామస్మరణలాగా. కొత్తాయన ఈసారి నాలుగు కార్లతో ఇసకలోంచి దుమ్ము లేపుకుంటూ నేరుగా ఊళ్లోకి వచ్చాడు. చప్టా మాట ఎత్తితే వెనక్కి తిరిగి చూసి, "వాగేదండీ? నేను వచ్చిన దార్లో ఎక్కడా లేదే" అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు నవ్వారు. మా పెద్దలూ నవ్వారు. ఆయన నవ్వించడానికి అన్నాడో, నిజంగానే తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండిట్లో ఏది నిజమైనా నా అభిప్రాయం మారదు.

మరో మూడు రోజులకు ఒకావిడ వచ్చింది. ఏ పార్టీ కాదు, రిటైరైన పంతులమ్మ, ఎన్నికల గుర్తు పలక. రోడ్డు మీద బస్సు దిగి, గొడుగు వేసుకొని, ఇసకలో నడుచుకుంటూ ఒక్కతే వచ్చింది. చేతిసంచిలో నిజం పలక ఒకటి, చూపించడానికి. మా పంచలో కూర్చొని మంచినీళ్లు తాగి నా ఒళ్లో పుస్తకం చూసింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"పదో తరగతి పుస్తకాలండీ. ఇంట్లోనే."

"బళ్లో కాదా?"

"బడి వాగు అవతలండీ."

ఆవిడ చెప్పుల్లోంచి ఇసక దులుపుకుంటూ వాగు వైపు చూసింది. "వానాకాలంలో ఎంత లోతు వస్తుంది?" అని అడిగింది.

పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతున్నది ఆగిపోయింది. "నడుం దాకా వస్తుందండీ. ఒక్కోసారి మనిషి లోతు" అంది.

ఆవిడ పలక తీసి దాని మీద బలపంతో 'నడుం లోతు' అని రాసుకుంది. పిల్లలు ఎంతమంది ఆగిపోయారని అడిగి అదీ రాసుకుంది. ఎండ ఎక్కుతోందని లేచి, మజ్జిగ తాగి వెళ్లిపోయింది. ఓటు వేయమని అడగడం మర్చిపోయింది. పెదనాన్న వచ్చాక సంగతి విని, "ఓటడగడం కూడా చేతగాని మనిషి అసెంబ్లీకి పోయి ఏం పొడుస్తదే" అన్నాడు. పెద్దమ్మ చేట మళ్లీ అందుకొని రాళ్లు ఏరుకుంది.

ఆ ఎన్నికలో మొదటిసారి మా ఊరికి మిషన్లు వచ్చాయి. బటన్ నొక్కితే కూత పెడుతుందని అందరూ ఆ కూత గురించే మాట్లాడుకున్నారు తప్ప, కాగితాలు పోతే కలగలపడం కూడా పోతుందని, మిషన్‌కి ఏ ఊరు పెట్టెలో ఏముందో విడిగా తెలుస్తుందని ఒక్క మగాడికీ తోచలేదు. ఉపాయం మాత్రం పాతదే. ఓటు వేసి వచ్చాక పెదనాన్న వరండాలో నిలబడి ఒక్కొక్కరినీ అడిగాడు.

"చెప్పినట్టే వేశారు గదా?"

"దేవుడి ముందు నిలబడి వేసినట్టే వేశానండీ" అంది పెద్దమ్మ. అబద్ధం ఆడని మనిషి. పెదనాన్న ఆ జవాబులో తన ప్రశ్నకు సమాధానం లేదని గమనించలేదు. ఆయన గమనించనివి చాలా ఉండేవి.

ఫలితాల రోజు టీవీలో జిల్లాలవారీగా చెబుతున్నారు. గుంటూరు అయింది, ప్రకాశం అయింది. కొత్తాయన గెలిచాడు. పెదనాన్న అప్పటికే దండకి మనిషిని పంపించాడు. సాయంత్రానికి సైదా మామ వచ్చాడు. మా వీధి చివర బట్టలు కుట్టే దర్జీ, నమాజు మానని మనిషి, కొత్తాయన తరఫున లెక్కింపు దగ్గర ఏజెంటుగా కూర్చొని వచ్చాడు. జేబులోంచి సిగరెట్ పెట్టె అట్ట తీశాడు, దాని వెనక అంకెలు రాసి ఉన్నాయి.

"బాబాయ్, మన ఊరి మిషన్ విడిగా చదివారు. అందరూ విన్నారు" అన్నాడు.

"ఎంతొచ్చాయి?"

"సగం సగం. కత్తెరతో కోసినట్టు. ఒక్క ఓటు తేడా, అది పలకకి పడింది."

అయినా మా పెద్దలు మర్నాడు దండతో పోయారు. వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. ఊరంతా మీకే వేసిందండీ అని నాన్న చెబుతుండగానే కొత్తాయన బల్ల మీద కాగితం తిప్పి చూపించాడట. "సగమే గదయ్యా వేసింది. సరే, చప్టా సగం కట్టిస్తా. వాగు మధ్య దాకా పోయి అక్కణ్ణించి దూకండి" అన్నాడట. ఆయన వరండాలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారట. ఆ పూటనుంచి మండలమంతా మా ఊరిపేరు మానేసి సగం సగం ఊరు అనడం మొదలుపెట్టింది. ఇదంతా సైదా మామ చెప్పాడు. చివర్న కొంచెం ఆగి, "మీ నాన్న కూడా నవ్వాడమ్మా. నవ్వకపోతే బాగుండదని" అన్నాడు. నాన్న నాకు పెట్టిన అన్నాన్ని, కొనిచ్చిన బట్టను నేను మర్చిపోలేదు, రోజూ దేవుడి దగ్గర తలుచుకుంటాను. ఆ నవ్వు కూడా మర్చిపోలేదు.

ఇంత జరిగాక మనుషులు సిగ్గుపడతారు అనుకుంటాం. మా పెద్దలు పంచాయితీ పెట్టారు, చప్టా గురించి కాదు, ఆ పలక ఓటు ఎవరిదని. తమ ఉపాయం బయటపడిందన్న బాధ కన్నా అందులో ఒక ఓటు మాట వినలేదన్న కోపమే వాళ్లకు ఎక్కువైంది. పొద్దు వాలే వేళ రామాలయం అరుగు మీద చేరి, సైదా మామను పిలిపించారు. పెద్దమ్మ, నేను గుళ్లో ప్రదక్షిణలు చేస్తున్నాం. ప్రతి చుట్టులోనూ మాటలు వినపడుతున్నాయి.

"లెక్కల దగ్గర కూర్చున్నోడివి, నీకు తెలియకుండా ఎట్టా పడుద్దిరా?"

"నేనెందుకు వేస్తా బాబాయ్, నేను ఆయన ఏజెంటునే గదా."

"ఏజెంటు కాబట్టే నిన్నెవరూ అనుమానించరనుకున్నావు. ఒట్టెయ్."

"అల్లా మీద ఒట్టు."

"అది మాకెట్టా తెలుస్తది. ఇక్కడ దేవుడి మీద వెయ్."

పెద్దమ్మ ప్రదక్షిణ మధ్యలో ఆపదు. ఆ చుట్టు పూర్తిచేసి, తీర్థం పుచ్చుకొని, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ అరుగు దగ్గరికి వచ్చింది.

"సైదాని అనొద్దు. ఆ ఓటు నాది."

పెదనాన్న మొహం చూడాలి. ఊరి ఓట్లన్నీ కొలిచి పంచిన మనిషి. "నోరు మూసుకొని ఇంటికి పో" అన్నాడు.

"పోతున్నానండీ. గుళ్లో ఉండి ఒకరి మీద నింద పడుతుంటే వింటూ పోలేక చెప్పాను."

అరుగు మీద ఉన్న ముసలాయన ఒకాయన నిజంగానే తెలుసుకుందామని అడిగాడు, "ఎందుకేశావమ్మా ఆవిడకి? గెలిచే మనిషి కాదుగా."

"వాగు ఎంత లోతని అడిగింది" అంది పెద్దమ్మ.

 ఎవరో, "లోతు అడిగితే ఓటేస్తారా ఎక్కడైనా" అన్నారు. దాంతో వాళ్లకు ఊరట కలిగింది, అందరూ నవ్వారు, లేచి పోయారు. సైదా మామకు క్షమించమని ఒక్కరూ చెప్పలేదు.

పెదనాన్న నెల రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. ఆవిడ పక్కనే నిలబడి ఉంటే నన్ను పిలిచి, "మీ పెద్దమ్మను మజ్జిగ పోయమను" అనేవాడు. నేను చెప్పేలోపే ఆవిడ పోసేది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, పొయ్యి దగ్గర గోంగూర మగ్గుతుంటే, అడిగాను.

"గెలవదని తెలిసి వృథా చేశావు గదా పెద్దమ్మా."

"నాది పాతాయనకి వేస్తే మీ పెదనాన్న ఓటు రెండోసారి పడ్డట్టు. దాన్నేమంటావు?" గరిటె తిప్పుతూ ఇంకో మాట అంది. "నీకింకా ఓటు రాలేదుగా. నాది నీకిచ్చా."

మరుసటి మార్చిలో వాగు ఎండి ఉండగా ఆవిడే నన్ను ప్రైవేటుగా పరీక్షకు తీసుకుపోయింది. ఆరేళ్లు చప్టా కోసం చూసి, చివరికి ఇసకలో నడిచే పోయాం. పాసయ్యాను. మా ఇంట్లో మగవాళ్లు చాలా గర్వపడ్డారు, తామే చదివించినట్టు.

చప్టా తర్వాత వచ్చింది. ఎన్నికలు లేని ఏడాది, ఏ దండా వేయకుండా వచ్చింది. మా ఊరి వెనక గుట్టలో గ్రానైట్ పడింది, లారీలు తిరగాలి. లారీలకి కావాలంటే నాలుగు నెలల్లో అయింది. మా ఊరి ఆడపిల్లలు ఇప్పుడు దాని మీదుగా బస్సులో బడికి పోతున్నారు, ఎవరికైనా సరే వెయ్యి దండాలు. అప్పుడు ఓట్లడిగేవాళ్లకు కనీసం వాగు అడ్డొచ్చేది, మంచమన్నా ఎక్కాల్సి వచ్చేది. ఇప్పుడు కారు అద్దం దించకుండానే అవుతుంది. ఫలితాలు మగవాళ్లు ఫోన్లలో చూస్తున్నారు, మన ఊరు ఎటు వేసిందని ఇంకా అరుగు మీద కూర్చొని తేలుస్తున్నారు, నాన్న బతికున్నన్నాళ్లూ వాళ్లలో ఒకడు. జిల్లాలు మారాయి, పట్టిక మారింది. దుగ్గిరాల లేదు, కూచినపూడి లేదు. నా నోటికి మాత్రం పాత వరసే వస్తుంది, తొడిమల ఘాటుతో సహా.

మొన్న ఆ పేపరు వెలుతురులో పెట్టి చదివాను. పాతాయన, కొత్తాయన ఓట్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అన్నిటికన్నా కింద, డిపాజిట్ పోయినవాళ్లలో, పంతులమ్మ పేరు, దాని పక్కన చిన్న అంకె, అంకె మీద బొట్టు. పొడి గుడ్డతో దుమ్ము దులిపి పేపరును మళ్లీ పెట్టె అడుగున పరిచాను, ఆవిడ చీరలు పైన సర్దాను. రెండు జిల్లాల ఫలితాల్లో నాకు గౌరవం ఉన్న అంకె అదొక్కటే. అందులో ఒకటి నాది.